వెనక తేదీతో వచ్చే ప్రోత్సాహం

ట్యాక్స్ సీజన్లో అమెరికాలో సొంతిల్లున్న మనవాళ్ళు నలుగురు కలిస్తే మాట కిటికీల మీదకో, హీట్ పంపుల మీదకో మళ్ళేది. "ఎనర్జీ క్రెడిట్ క్లెయిమ్ చేశావా?" అని ఒకరంటే, "అసలది ఈ ఏడు ఉందా?" అని ఇంకొకరు. ఆ రెండో ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉందండీ.

1973లో అరబ్ దేశాలు చమురు ఆపేశాక గానీ, ఇళ్ళ అటకల్లోంచి వేడి ఎంత పారిపోతోందో అమెరికాకి పట్టలేదు. 1977 ఏప్రిల్ 20న ప్రెసిడెంట్ కార్టర్ తన ఇంధన ప్రణాళికని కాంగ్రెస్ ముందు పెట్టాడు. అది నలిగి నలిగి చట్టమయ్యేసరికి 1978 నవంబర్ వచ్చింది. ఇన్సులేషన్ లాంటి పనులకి పెట్టే ఖర్చులో మొదటి 2000 డాలర్ల మీద 15 శాతం, అంటే మహా అయితే 300 డాలర్లు పన్నులో తగ్గుతాయి. తమాషా ఏంటంటే, 1977 ఏప్రిల్ 20 నుంచి పెట్టిన ఖర్చుకీ వర్తిస్తుందన్నారు. ఇందులో లాజిక్ ఉంది లెండి. లేకపోతే చట్టం వచ్చేదాకా ఎవరూ అటక జోలికి వెళ్ళరు.

సోలార్ క్రెడిట్‌ని 1980లో 40 శాతానికి, గరిష్ఠంగా 4000 డాలర్లకి పెంచారు. అంతకు ముందే, 1979లో, కార్టర్ వైట్ హౌస్ కప్పు మీద నీళ్ళు కాచే సోలార్ ప్యానెళ్ళు 32 పెట్టించాడు. 1985 ఆఖరుతో క్రెడిట్లు ఆగిపోయాయి. 1986లో, రీగన్ హయాంలో, కప్పు రిపేరని ఆ ప్యానెళ్ళనీ దించేశారు.

ఇళ్ళ రిపేర్లకి క్రెడిట్ మళ్ళీ వచ్చింది 2005 చట్టంతో: 10 శాతం, జీవితకాలానికి 500 డాలర్లు. 2006, 2007లో ఉంది, 2008లో లేదు. 2009 స్టిమ్యులస్‌లో 30 శాతం, 1500 అయింది. 2011లో మళ్ళీ 500కి దిగింది. ఇక ఆ తర్వాతే అసలు సినిమా. 2012 ఖర్చుకి క్రెడిట్ ఉందని 2013 జనవరిలో తేల్చారు. 2014కి డిసెంబర్ 19న సంతకం పెడితే, పన్నెండు రోజులకే గడువు తీరింది. 2017 సంగతి 2018 ఫిబ్రవరిలో, 2018 సంగతి 2019 డిసెంబర్లో! అప్పటికే రిటర్నులు వేసేసినవాళ్ళు మళ్ళీ అమెండెడ్ రిటర్న్ వేసుకోవాలి.

మన గవర్నమెంటు ఉద్యోగులకి డీఏ ఎరియర్స్ వచ్చినట్టే ఉంది కదూ? కాకపోతే డీఏ జీతంలో భాగం, రావాల్సిందే. ఇది జనం చేత ఓ పని చేయించడానికి పెట్టింది. కిటికీ మార్చేసిన ఏడాది తర్వాత వచ్చే క్రెడిట్ ఎవరి చేతా కిటికీ మార్పించదు. ఎలాగూ మార్చగలిగినవాడికి అదో బహుమానం, అంతే. పైగా ఇది రీఫండబుల్ కాదు. కట్టాల్సిన పన్ను లేనివాడికి పైసా రాదు. బర్కిలీలో బోరెన్‌స్టీన్, డేవిస్ అనే ఇద్దరు ఎకనమిస్టులు 2006 నుంచి ఇచ్చిన ఇలాంటి ఇంధన క్రెడిట్ల లెక్క తీశారు. దాదాపు 60 శాతం పై అయిదో వంతు ఆదాయం వాళ్ళకే వెళ్ళింది, కింది మూడు వంతులకీ కలిపి ఓ పది శాతం. ఆ పై వంతులో ఎవరున్నారో మనకి వేరే చెప్పక్కర్లేదు.

2022 చట్టం ఈ రెండు జబ్బులకీ మందు వేసింది. 30 శాతం, ఏడాదికి 1200, హీట్ పంపుకైతే 2000, 2032 దాకా ఖాయం. ఆదాయం తక్కువున్నవాళ్ళకి హీట్ పంపు మీద 8000 దాకా రిబేటు, అదీ బిల్లులోనే తగ్గించి. పన్నుతో పనే లేదు. కానీ రిబేట్లు నడపాల్సింది రాష్ట్రాలు. అందరికన్నా ముందు మొదలుపెట్టిన న్యూయార్క్‌కే 2024 మే వచ్చింది.

పదేళ్ళ మాట మూడేళ్ళు నిలిచింది. 2025 జులై 4న సంతకమైన చట్టం, ఇళ్ళ సోలార్‌తో సహా ఈ క్రెడిట్లని ఆ డిసెంబర్ 31తో ముగించింది. 2025లో సోలార్ పెట్టించుకుని క్రెడిట్ మొత్తం వాడుకోలేకపోయినవాళ్ళకి మిగిలింది తర్వాతి ఏడాదికి వెళ్తుంది, ఫామ్ 5695లో రాసుకోవాలి. కిటికీలకీ, హీట్ పంపులకీ ఆ సౌకర్యం లేదు.