జోష్ గిబ్సన్: చనిపోయిన 77 ఏళ్లకు రికార్డుల్లో మొదటి స్థానం

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోకి నల్లజాతి ఆటగాళ్లను రానివ్వని రోజులవి. జోష్ గిబ్సన్ నీగ్రో లీగ్స్‌లో ఆడాడు. ఆ లెక్కలను 2024 మేలో మేజర్ లీగ్ అధికారికంగా కలుపుకుంది. అంతే, కెరీర్ బ్యాటింగ్ సగటులో 0.372తో టై కాబ్ (0.367)ను దాటేశాడు. క్రికెట్ సగటులా కాదు ఇది, 0.300 కొట్టినా గొప్పే. భారీ షాట్ల సత్తా చెప్పే స్లగ్గింగ్‌లోనూ 0.718తో బేబ్ రూత్ (0.690) కంటే పైనే.

హోమ్ రన్లలో మాత్రం రూత్‌వి 714. గిబ్సన్‌కు ఇచ్చినవి 174. ఊరూరా తిరిగి ఆడిన మ్యాచ్‌లు లెక్కలోకే రాలేదు మరి! హాల్ ఆఫ్ ఫేమ్ ఫలకంపై అన్నీ కలిపి దాదాపు 800 అని ఉంటుంది.

1947 జనవరిలో, 35 ఏళ్లకే గిబ్సన్ చనిపోయాడు. ఏప్రిల్‌లో జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు.