ట్రిపుల్ వన్ మరిచిన వరద

1908 సెప్టెంబర్ 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. ఎగువన ఉన్న గొలుసుకట్టు చెరువులు వరసగా తెగి ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాయి. చనిపోయినవాళ్లు పదిహేను వేల మంది దాకా ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో, ఇవాళ్టి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్న సంగతి నగరం ఇంకా చెప్పుకుంటూనే ఉంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊళ్లోకి రానిచ్చాక ఆపలేమని, పైనే నిలబెట్టాలని ఆయన తేల్చారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నగరానికి తాగునీరు కూడా వాటి నుంచే వచ్చింది. అయితే ఆ కట్టలు లేచింది మొదట వరదకు అడ్డంగా. ఈ వరస ముఖ్యం. తర్వాత భూమి మీద ఆంక్షలు పెడుతూ వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు దీన్ని తలకిందులు చేసుకుంది, చివరికి అందుకే బలహీనపడింది.

జనం 'ట్రిపుల్ వన్' అని పిలిచే ఆ 111 జీవో 1996 మార్చి 8న వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 1994 మార్చి 31న, 192 జీవో వేసిన తాత్కాలిక ఆంక్షలకు ఇది స్థిరరూపం. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 10 కిలోమీటర్ల వరకు, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు కూడదంది. అక్కడి భూమిలో 90 శాతం సేద్యానికి, తోటలకు, పచ్చదనానికి మిగలాలంది. కొత్త లేఅవుట్లలో 60 శాతం ఖాళీ జాగాకు, రోడ్లకు వదలాలంది. సుమారు 1.32 లక్షల ఎకరాల నేల ఈ ఆంక్షల కిందికి వచ్చింది. ఈ ఆంక్షలకు తొలి పరీక్ష ప్రభుత్వమే పెట్టింది. శంషాబాద్ దగ్గర ఒక ఆముదం నూనె ఉత్పత్తుల కర్మాగారానికి 1997లో మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. హాని జరగదని నిరూపించాల్సింది కర్మాగారం పెట్టేవాళ్లేనని 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు ఉన్న ధర్మాసనం చెప్పింది. 2000 డిసెంబర్‌లో ఆ మినహాయింపు చెల్లదంది. దేశంలో పర్యావరణ న్యాయం చదివేవాళ్లు ఇవాళ్టికీ ఈ తీర్పులు తిరగేస్తారు. ఇంత గట్టి తీర్పులు నిలబెట్టిన ఆంక్షలను పాతికేళ్లు తిరక్కుండానే మరో జీవో ఎత్తేయగలిగింది.

కారణం జీవో రాతలోనే ఉంది. దాని ఊతమంతా తాగునీటి మీద, కాలుష్యం మీద. మంజీరా, సింగూరు, తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లు నగరానికి చేరాక ఆ ఊతం సన్నబడింది. ఈ జంట జలాశయాల అవసరం నగరానికి ఇక లేదన్న వాదనతోనే 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆంక్షలు తీసేసింది. నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టి, ఒక కమిటీ వేసింది. 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. తాగునీటి లెక్క వరకే చూస్తే ఆ వాదనలో తప్పు పట్టడం కష్టం. వరద లెక్క వేరు. దుక్కి దున్నిన చేను కురిసిన వానను కొంత తాగుతుంది, కొంత నిలుపుతుంది, మిగిలింది మెల్లగా వదులుతుంది. అదే చేను కాంక్రీటయితే అదే వాన గంటల్లో జలాశయం చేరుతుంది. కట్ట ఎత్తు మారదు, గేట్లు మాత్రం ముందే ఎత్తాల్సి వస్తుంది. 2020 అక్టోబర్‌లో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఒడ్డు బస్తీలు మునిగాయి. కృష్ణా నీళ్లు ఎన్ని పైపుల్లో వచ్చినా ఈ నీటికి అవి జవాబు కావు.

84 గ్రామాల రైతుల అభ్యంతరం మాత్రం తేలిగ్గా కొట్టేసేది కాదు. నగరం తాగడానికి తమ భూమి ధర ఎందుకు పడిపోవాలని మొయినాబాద్, చేవెళ్ల వైపువాళ్లు అడిగారు. కూతురి పెళ్లికో, అప్పు తీర్చడానికో ఎకరం అమ్ముకోబోతే, ఔటర్ రింగ్ రోడ్డుకు అవతలివాడికి వచ్చే ధరలో కొద్దిభాగమే చేతికందింది. అదే నేలలో గోడల వెనక ఫాంహౌస్‌లు లేచాయి. ఆంక్ష పేదవాడికి అడ్డమైంది, డబ్బున్నవాడికి చౌకబేరమైంది. పైగా ఆ 10 కిలోమీటర్ల గీత వృత్తలేఖినితో గీసినట్టుంది. నీరు పల్లమెరుగు అంటారు, వ్యాసార్ధం ఎరుగదు. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి ఎంతో దూరం పారి ఇక్కడికి వస్తుంది. గీత లోపల ఉన్నా సాగర్‌లోకి చుక్క పంపని నేలకు ఆంక్షలు పడ్డాయి, గీత బయట ఉండి నీళ్లు పంపే నేల మీద పట్టింపే లేదు. ఇవన్నీ నిజాలే. వీటికి మందు హద్దు మళ్లీ సరిగ్గా గీయడం, భూమిని పచ్చగా ఉంచినందుకు రైతుకు ఏటా డబ్బు ఇవ్వడం. ఆ పని చేయకుండా గీతనే చెరిపేస్తే లాభపడేది ఆ ధర కోసం ఎదురుచూసిన రైతు కాదు, ముందే కొనిపెట్టుకున్నవాడు.

జీవో సచివాలయంలో సంతకంతో పుడుతుంది, సంతకంతోనే పోతుంది. శాసనసభ చేసే చట్టమైతే రద్దుకూ సభలో చర్చ జరగాలి, ఓటు పడాలి. అలాంటి చట్టం ఎప్పుడు రాసినా దాని మొదటి వాక్యం వరద గురించి ఉండాలి, తాగునీటి మాట రెండో వాక్యంలో వచ్చినా సరిపోతుంది. ఈసీ, మూసీ రెండు కట్టలూ దాటాక బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. ఆ నీళ్లు అక్కడి నుంచి చాదర్‌ఘాట్ దాకా నగరం నడిమధ్యగానే వెళ్లాలి.