ఎమ్మీ సంగీతం – శ్రోతల స్పందన

ఎమ్మీ అనేది అమెరికా స్వరకర్త డేవిడ్ కోప్ తయారుచేసిన కంప్యూటర్ ప్రోగ్రామ్. పూర్తి పేరు ఎక్స్‌పెరిమెంట్స్ ఇన్ మ్యూజికల్ ఇంటెలిజెన్స్. శాంతాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సంగీతం బోధించిన కోప్, ఒక ఆపెరా రాస్తానని ఒప్పుకుని ముందుకు సాగలేకపోయారు. ఆ చిక్కులోంచి బయటపడేందుకు 1981లో ఈ పని మొదలుపెట్టారు. ఒక స్వరకర్త రచనలను ఎమ్మీ చిన్న చిన్న ముక్కలుగా విడగొడుతుంది. ఆయన పదేపదే వాడే స్వరాల పోకడలను గుర్తిస్తుంది. ఏ ముక్క పక్కన ఏది అతుకుతుందో చూసి, అదే శైలిలో కొత్త రచన కూరుస్తుంది.

ఎక్కువ అలజడి రేపింది 1997లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జరిగిన కచేరీ. అక్కడ పియానోపై మూడు రచనలు వినిపించారు. ఒకటి జర్మన్ స్వరకర్త బాఖ్‌ది, ఒకటి బాఖ్ శైలిలో ఎమ్మీ కూర్చినది, మరొకటి అదే శైలిలో అక్కడి ఆచార్యుడు స్టీవ్ లార్సన్ రాసినది. ఏది ఎవరిదో చెప్పమంటే సభ ఎమ్మీ రచనను బాఖ్‌కు కట్టబెట్టింది. లార్సన్ రచనను కంప్యూటర్‌దని తేల్చింది! లార్సన్ నొచ్చుకున్నారు. నొచ్చుకోరా మరి?

అమెరికా శాస్త్రవేత్త డగ్లస్ హాఫ్‌స్టాటర్ కలత ఇంకా లోతైనది. లోకంలో తిరిగి, కష్టసుఖాలు ఎరిగితే తప్ప యంత్రానికి గొప్ప సంగీతం అబ్బదని 1979 నాటి 'గోడెల్, ఎషర్, బాఖ్' పుస్తకంలో ఆయన నమ్మకంగా రాశారు. స్వరకర్త షోపెన్ శైలిలో ఎమ్మీ కూర్చిన మజుర్కా అనే నృత్య రచనను స్వయంగా వాయించి చూశాక ఆ నమ్మకం సడలింది. ఈస్ట్‌మన్ సంగీత కళాశాలలో ఏది షోపెన్‌ది, ఏది ఎమ్మీది అని ఆయన శ్రోతలను పరీక్షిస్తే, అక్కడి సంగీత శాస్త్ర అధ్యాపకులు సైతం పొరబడ్డారు.

ఎమ్మీ తర్వాత కోప్ రూపొందించిన ప్రోగ్రామ్ ఎమిలీ హోవెల్. ఇది పాత మహానుభావులను అనుకరించక సొంత శైలిలో రాస్తుంది. శాంతాక్రూజ్ కచేరీలో దీని రచన విన్న ఒక రసాయన శాస్త్ర ఆచార్యుడు, తన జీవితంలోనే అంతగా కదిలించిన అనుభవాలు కొద్దని మెచ్చుకున్నారట. రచయిత మనిషి కాదని కార్యక్రమ పత్రంలో లేదు. ఆరు నెలల తర్వాత ఆ ఆచార్యుడే కోప్ ఉపన్యాసంలో అదే సంగీతం రికార్డులో విన్నప్పుడు, ఇది కంప్యూటర్‌దని ఇట్టే తెలిసిపోతోందని, దీనికి హృదయం లేదని అన్నారట. ఈ సంగతి చెప్పింది కోపే.

సంగీతం మారలేదు, మారింది రచయిత పేరు. కంప్యూటర్ సంగీతానికి ఆత్మ లేదన్న తీర్పును, కర్త ఎవరో చెప్పకముందే వెలువడినప్పుడు మాత్రమే సంగీత విమర్శగా లెక్కించాలి.