ఇండోర్‌కు వచ్చి వెళ్ళిపోయిన కుర్చీ

సంస్థానాల గురించి మనం చదివేది దాదాపు ఒకే వరుసలో ఉంటుంది: సైన్య సహకార పద్ధతి, రాజ్య సంక్రమణ సిద్ధాంతం, నరేంద్ర మండలి, ఆ తర్వాత పటేల్, వి.పి. మీనన్, విలీనం. నా నోట్స్‌లో ఇండోర్ పేరు కింద అహల్యాబాయి హోల్కర్ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అదే ఇండోర్‌లో 1930ల మొదట్లో ప్రపంచంలోని అత్యంత ఆధునికమైన ఇళ్ళలో ఒకటి వెలిసిందనీ, అందులో ఈనాడు మ్యూజియంలు వెతుక్కునే కుర్చీ ఒకటి ఉండేదనీ చాలా ఆలస్యంగా తెలిసింది. కళా సంస్కృతి విభాగంలో వారసత్వ పరిరక్షణ గురించి రాయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందు కుర్చీ సంగతి. దాని పేరు ట్రాన్సాట్. అట్లాంటిక్ దాటే ఓడల డెక్ మీద వేసే వాలు కుర్చీని ఫ్రెంచి వాళ్ళు పిలిచే పేరు అది. రూపకర్త ఐలీన్ గ్రే (1878-1976), ఐర్లాండ్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన మహిళ. పారిస్‌లోనే ఉన్న సుగవారా అనే జపాన్ కళాకారుడి దగ్గర ఆమె లక్కపూత పని నేర్చుకుంది. పొర మీద పొర వేస్తూ, ఆరనిస్తూ, రుద్దుతూ వారాల తరబడి చేసే పని అది. ఇక 1925లో జర్మనీలోని బౌహౌస్‌లో మార్సెల్ బ్రాయర్ ఉక్కు గొట్టాలను వంచి కుర్చీ చేశాడు. ఆ దెబ్బతో ఆధునికం అంటే లోహమే, చెక్క పాతకాలపు సరుకు అనే అభిప్రాయం బలపడింది. గ్రే కూడా ఉక్కు గొట్టాలు వాడింది, కానీ ట్రాన్సాట్‌లో చెక్కను వదల్లేదు. సన్నని, నిటారైన చెక్క పట్టీలతో చట్రం కట్టి, అవి కలిసే చోట మెరిసే లోహపు బిగింపులు పెట్టింది. మామూలు వడ్రంగంలో ఒక చెక్క కొసను ఇంకో చెక్క రంధ్రంలోకి దూర్చి అతుకు కనబడకుండా చేయడం పనితనం. ఇక్కడ అతుకే బయటికి కనిపిస్తుంది. మెత్తని సీటు చట్రానికి ఊయలలా వేలాడుతుంది, తల ఆనించే భాగం కూర్చున్న మనిషికి తగ్గట్టు వంగుతుంది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలో తాను కట్టిన ఇంటి కోసం ఆమె దీన్ని తయారుచేసింది.

ఆ కుర్చీ మాళ్వాకు ఎలా చేరిందన్నదే చరిత్ర విద్యార్థికి కావలసిన భాగం. బావ్లా హత్య కేసు దుమారంలో తుకోజీరావు హోల్కర్ 1926లో గద్దె దిగాల్సి వచ్చింది. కొడుకు రెండో యశ్వంతరావు అప్పటికింకా మైనరు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూ ఎకార్ట్ ముతేసియుస్ అనే యువ జర్మన్ వాస్తుశిల్పితో స్నేహం చేశాడు. 1930లో పూర్తి అధికారాలు చేతికి వచ్చాక మాణిక్ బాగ్ భవనాన్ని అతనికే అప్పగించాడు. గుమ్మటాలు, జరోకాలు లేని ఇల్లు అది. లోపలి సామాను చాలావరకు యూరప్‌లో తయారై ఓడల మీద వచ్చింది. రూల్మన్ చేసిన బల్ల, లోహంతో, గాజుతో చేసిన మంచాలు, వాటితోపాటే గ్రే గీసిన ట్రాన్సాట్.

ఈ తేదీల దగ్గర కాస్త ఆగాలి. 1930 అంటే దండి. దేశమంతా ఖద్దరు, ఉప్పు అంటున్న ఏడాదే ఒక సంస్థానాధీశుడు పారిస్ కుర్చీలు కొంటున్నాడు. రైతుల శిస్తుతో విలాసం అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు, అందులో అబద్ధం లేదు. కానీ ఇంకో కోణం కూడా ఉంది. గోథిక్ కమానులతో, విక్టోరియా కాలపు సోఫాలతో బ్రిటిష్ రెసిడెంట్లను మెప్పించే భవనాలు కట్టుకున్న రాజులు ఎందరో. ఈయన లండన్ అభిరుచిని పక్కనపెట్టి నేరుగా బెర్లిన్‌తో, పారిస్‌తో మాట్లాడాడు. అది స్వాతంత్ర్యేచ్ఛ అనను, అనుకరణ అని కూడా కొట్టిపారేయను. నాకు పెద్ద లోపంగా కనిపించేది వేరే ఉంది. ఆధునికత ఇక్కడికి తయారైన వస్తువుగా వచ్చింది గానీ పనిగా రాలేదు. చండీగఢ్‌తో పోల్చి చూడండి. 1950ల్లో పియరీ జన్నెరె అక్కడి ప్రభుత్వ కార్యాలయాల కోసం టేకు, అల్లిన పేముతో కుర్చీలు గీస్తే, వాటిని చేసింది ఇక్కడి వడ్రంగులే.

1948లో ఇండోర్ మధ్యభారత్‌లో కలిసింది. యశ్వంతరావు 1961లో చనిపోయాడు. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రాజభరణాలు రద్దయ్యాయి. 1980లో మాణిక్ బాగ్ సామాను మొనాకోలో వేలానికి వెళ్ళింది. ఎవరూ ఆపలేదు. ఆపడానికి చేతిలో సాధనమూ సరిగా లేదు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వస్తువుకు కనీసం వందేళ్ళు ఉండాలి (రాతప్రతులకైతే 75). అంతకంటే కొత్తదాన్ని కేంద్రం కళానిధిగా ప్రకటించవచ్చు. ఆ దారిలో రక్షణ పొందింది ఠాగూర్, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, రవివర్మ వంటి తొమ్మిది మంది కళాకారుల పనే. చట్టం దృష్టిలో కుర్చీ ఒట్టి కుర్చీ. 1970 నాటి యునెస్కో ఒప్పందం కూడా ఫర్నిచర్‌కు వందేళ్ళ గీతే గీసింది. నగల విషయంలో ఇలా జరగలేదు. నిజాం ఆభరణాలు విదేశీ వేలానికి పోకుండా అడ్డుకుని, 1995లో కేంద్రం 218 కోట్లిచ్చి కొన్నది.

చండీగఢ్ కుర్చీలకూ ఇదే గతి పట్టింది. విరిగినవని, పాతబడ్డాయని కార్యాలయాలే వాటిని తుక్కు కింద వేలం వేస్తే, విదేశీ వర్తకులు కొని బాగుచేసి భారీ ధరకు అమ్ముకున్నారు. 2011లో కేంద్ర హోం శాఖ వాటి అమ్మకాన్ని, ఎగుమతిని నిషేధించింది. అప్పటికే వెళ్ళిపోయినవి ఇప్పటికీ విదేశీ వేలంపాటల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

వందేళ్ళ నిబంధనను డెబ్బై అయిదుకో యాభైకో తగ్గిస్తే సరిపోతుందా అని మెయిన్స్‌లో అడిగితే, చాలదనే నేను రాస్తాను. ప్రతి పాత బల్లకూ రిజిస్ట్రేషన్ అంటే అమలు చేసే సిబ్బంది ఎక్కడ? రూపకర్త, వాడిన చోటు, తయారైన కాలం తెలిసిన ఇరవయ్యో శతాబ్దపు సామాను జాబితాను ముందు ప్రభుత్వ భవనాల నుంచే మొదలుపెట్టాలి. కార్యాలయం పాత కుర్చీని రద్దు చేసే ముందు ఒకసారి ఆ జాబితా చూడాలి. ఖర్చు తక్కువ, చట్ట సవరణ కూడా అక్కర్లేదు.

మాణిక్ బాగ్ ఇప్పుడు కేంద్ర జీఎస్టీ, ఎక్సైజ్ శాఖ కార్యాలయం. 1930 నాటి ట్రాన్సాట్‌కు 2030లో నూరేళ్ళు నిండుతాయి. మన చట్టం లెక్కలో అప్పుడది పురావస్తువు వయసుకు వస్తుంది. కాకపోతే ఆ చట్టం ఆపగలిగేది దేశం లోపల ఉన్న వస్తువునే.