విశాఖ మన్యంలో బాక్సైటు: కొండను కాచిన భూమి చట్టం

విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు మార్గం యాత్రికుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికి 1960లలో అనంతగిరి కొండలను తొలిచి, 50కి పైగా సొరంగాలతో ఆ దారి వేశారు. ఖనిజం బస్తర్‌ది, మన్యం దానికి దారి మాత్రమే. ఇంకో పదేళ్లు గడిచేసరికి మన్యం కొండల మీదే చూపు పడింది. తూర్పు కనుమల శిఖరాల మీద బాక్సైటు విస్తారంగా ఉందని 1970లలో భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. ఒడిశా వైపు పంచపట్మాలి కొండను తవ్వడానికి 1981లో ప్రభుత్వ రంగ అల్యూమినియం సంస్థ నాల్కో ఏర్పడింది. ఆంధ్ర వైపు గాలికొండ, రక్తకొండ, సప్పర్ల, జెర్రెల వంటి కొండల్లో 50 కోట్ల టన్నులకు పైగా నిల్వలున్నాయని అంచనా. అయినా ఈ వైపు పెద్ద బాక్సైటు గని ఒక్కటీ తెరుచుకోలేదు. ఈ తేడాకు కారణం అడవి చట్టాల్లో కంటే భూమి చట్టాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ముందుగా ఈ ఖనిజం ఎక్కడ, ఎలా ఉంటుందో చూడాలి. వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తులో, బల్లపరుపుగా ఉండే కొండనెత్తి మీద, లక్షల ఏళ్ల వానలకు రాయి చివికి బాక్సైటు పొరగా మిగిలింది. ఆ పొర నిండా చిన్న చిన్న రంధ్రాలు. వాన నీరు అందులో ఇంకి, అడుగున ఉన్న బంకమట్టి దాకా దిగి, అక్కడ ఆగి, కొండ వాలులో ఊటగా బయటికి వస్తుంది. వర్షాలు వెనకబట్టిన నెలల్లోనూ గెడ్డల్లో నీరు పారుతుందంటే ఆ పొర చలవే. కొండవాలు ఊళ్లకు తాగునీరు, మడి చెక్కలకు తడి ఆ ఊటల నుంచే అందుతాయి. గోస్తని పుట్టేదీ ఈ అనంతగిరి కొండల్లోనే. పొరను తవ్వి తీశాక పైన మొక్కలు నాటవచ్చు గానీ, నీటిని పట్టి ఉంచే ఆ అమరికను మళ్లీ తయారు చేయలేం.

జీవజాలం సంగతీ ఇంతే. 1877లో బెడోమ్ అనే ఆంగ్లేయ అధికారి జయపురం కొండల్లో దొరికిన ఒక చిన్న నేలబల్లిని వర్ణించాడు. ఆ తర్వాత 130 ఏళ్లకు పైగా అది ఏ శాస్త్రవేత్త కంటా పడలేదు. చివరికి ఈ కనుమల్లోనే మళ్లీ దొరికింది. పడమటి కనుమలతో పోలిస్తే తూర్పు కనుమల మీద జరిగిన పరిశోధన చాలా తక్కువ. ఏమేమి ఉన్నాయో పూర్తిగా లెక్క తెలియని కొండను తవ్వితే ఏమి పోతుందో ఎవరు చెప్పగలరు?

అడవిని కాపాడతామన్న మాట మన్యానికి కొత్త కాదు. ఆ మాట అక్కడివారికి మేలు చేసిన సందర్భాలే తక్కువ. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు గీతలు గీసి, కొండవాలులో అడవి నరికి చేసే పోడు సేద్యాన్ని కట్టడి చేసింది. 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి చేసేనాటికి రగులుతున్న కోపంలో పోడు ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి రెండూ ఉన్నాయి. కలప ప్రభుత్వానిది, కాపలా ప్రభుత్వానిది; అక్కడే పుట్టినవాడు మాత్రం ఆక్రమణదారు.

భూమి చట్టం కథ వేరు. ఏజెన్సీ భూములు బయటివారి చేతికి పోకుండా 1917లోనే ఒక చట్టం వచ్చింది. 1959లో దాని స్థానంలో భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1970 సవరణ దాన్ని బిగించింది: షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడు తన భూమిని సైతం మరో గిరిజనేతరుడికి అమ్మడానికి వీల్లేదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో కాల్సైట్ గనులకు ప్రైవేటు కంపెనీలకు లీజులిస్తే, ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ ఈ నిబంధననే పట్టుకుని కోర్టుకెక్కింది. హైకోర్టు తోసిపుచ్చింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పు చెప్పింది. ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక ‘వ్యక్తే’. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం కూడా బదలాయింపే. జస్టిస్ కె. రామస్వామి రాసిన ఆ వాదన నా దృష్టిలో మన్యం చరిత్రలో అతిపెద్ద మలుపు.

తీర్పు ఒక దారి వదిలింది. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ గానీ, గిరిజన సహకార సంఘాలు గానీ తవ్వుకోవచ్చు. ఆ సందులోంచే 2005లో, 2007లో కొత్త ఒప్పందాలు వచ్చాయి: తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజాన్ని శుద్ధి చేసేది ప్రైవేటు కంపెనీ. మాకవరపాలెం దగ్గర కర్మాగారం లేచింది కానీ ఖనిజం అందలేదు. 2015 నవంబరులో జీవో 97 జెర్రెల వైపు 1,212 హెక్టార్ల రిజర్వు అడవిని తవ్వకానికి కేటాయించింది. అంతకుముందే కేంద్రం అనుమతి ఇచ్చింది, అదీ అడవిని కాపాడాల్సిన 1980 చట్టం కిందే. దాన్ని ఆపింది ఊళ్లలో చెలరేగిన ఆందోళన. 2019లో జీవో రద్దయింది. ఆ ఆందోళనకు కాలూనడానికి సమత తీర్పు చోటిచ్చింది.

తవ్వకం లేకుండా మన్యం ఎలా బతకాలన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబుగా అందరూ కాఫీని చూపిస్తారు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కొనే చింతపండు, కరక్కాయల సరసన ఇప్పుడు కాఫీ చేరింది. తోటలు లక్ష ఎకరాలు దాటాయి, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోడు కొండల మీద మళ్లీ నీడ పరుచుకుంది. కానీ ఆ నీడలో చాలా భాగం సిల్వర్ ఓక్‌ది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ చెట్టు త్వరగా ఎదుగుతుంది, మిరియాల తీగకు ఆసరా ఇస్తుంది. పనస, నేరేడు, మద్ది కలిసి పెరిగే అడవిలో బతికే పక్షులకు, పురుగులకు వరసగా నిలిచిన ఆ చెట్లు సరిపోవు. కాఫీ కొనేవారు నాటుచెట్ల నీడలో పండిన గింజకు ఎక్కువ ధర కట్టాలి, నర్సరీలు ఆ మొక్కలను ఉచితంగా ఇవ్వాలి. ఈ రెండూ జరగకుండా రైతును తప్పుపట్టడం అన్యాయం.

ఇప్పుడు అనంతగిరి వైపు కొండనీటితో కరెంటు తీసే పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు వస్తున్నాయి. సౌరవిద్యుత్తును నిల్వ చేయడానికి అవి అవసరమని వాదన. కాలుష్యం లేని కరెంటు కోసమే కదా అని ఊరుకోలేం, ఎందుకంటే అడిగేది మళ్లీ ఆ కొండనీ, ఆ గెడ్డనే. షెడ్యూల్డు ప్రాంతాల్లో పంచాయతీల అధికారాలను చెప్పే 1996 నాటి పెసా చట్టం ప్రకారం గ్రామసభను ముందుగా సంప్రదించాలి. సర్వే బృందం వచ్చి వెళ్లాక పెట్టే సభ సంప్రదింపు అనిపించుకోదు.