వన్నెయు వాసియు

ఆహారమునకు రంగు కూర్చుట క్రొత్త యాచారము కాదు. పులిహోరకు పసుపు, పాయసమునకు కుంకుమపువ్వు మన యిండ్లలో చిరకాలముగా వాడుకలో నున్నవే. వండువారికిని తినువారికిని ఆ రంగుల పుట్టువు తెలియును. రంగు అంగడిసరకై, దానిని చేయువాడెవ్వడో తినువానికి తెలియనినాడు చిక్కు మొదలయినది. ఆ చిక్కు చరిత్రను సంగ్రహముగా చదువరుల యెదుట నుంచుచున్నాము.

1820లో లండను నగరమున ఫ్రెడరిక్ ఆకం అను రసాయనశాస్త్రవేత్త ఆహారపు కల్తీలనుగూర్చి యొక గ్రంథము ప్రకటించి, పిల్లల మిఠాయిలకు సీసపు సిందూరమును, రాగి లవణములను రంగుగా వేయుచున్నారని లోకమునకు చాటెను. అందలి యొక వృత్తాంతము మఱవరానిది. గ్లాస్టర్ ప్రాంతపు చీజుకు జాఫ్రాగింజల రంగు వేయుట అచ్చటి వాడుక. జాఫ్రారంగు అమ్మువాడు తన సరకు వెలవెలబోయి యుండుటచే దానికి ఇంగిలీకము చేర్చెను. ఇంగిలీకము అమ్మినవాడు, అది యిండ్లకు రంగు పూయుటకే గదా యని, అందు సిందూరము కలిపియుండెను. చీజు చేసినవాడు ఈ రెండును ఎఱుగడు. వీరిలో నెవ్వడును విషము పెట్టదలచినవాడు కాడు. అయినను సీసము తినువాని కడుపు చేరినది. జాఫ్రాగింజయందు దోషము లేదు. అది మఱింత మెఱయవలెనను కోరికయే దోషమునకు దారితీసినది.

1856లో 18 ఏండ్ల యువకుడగు విలియం హెన్రీ పెర్కిన్, బొగ్గుతారునుండి లభించు పదార్థముతో క్వినైను చేయబోయి యొక ఊదారంగును కనుగొనెను. అటుపిమ్మట పుట్టిన తారురంగులు గుడ్డలనుండి తినుబండారములలోనికి ప్రాకినవి. వాని వెల స్వల్పము, చిటికెడు చాలును, త్వరగా వెలియవు, ఎన్నడు చేసినను ఒకే ఛాయ. మొక్కరంగులు వానితో పోటీపడలేక వెనుకబడినవి. అమెరికాదేశమున 1906లో ఆహారశుద్ధికై చట్టము చేసి, 1907లో ఏడు తారురంగులను మాత్రము ఆమోదించిరి. ఆ యేడింటిలో నొకటియగు నారింజరంగు వేసిన మిఠాయిలు తిని 1950లో అచ్చటి పిల్లలు పలువురు జబ్బుపడిరి. అమరాంత్ అను ఎఱుపును 1976లో నిషేధించిరి. ఎరిత్రోసిన్ అను మఱియొక యెఱుపునకు ఆహారములందు గల అనుమతిని 2025 జనవరిలో రద్దుచేసిరి.

అందుచే శాస్త్రజ్ఞుల చూపు తిరిగి మొక్కలపై నిలిచినది. పసుపులోని రంగుపదార్థమగు కర్కుమినును 1815లోనే ఫోగెల్, పెల్లెటియే అనువారు వేఱుచేసియుండిరి. కాని మొక్కరంగును వేఱుచేయుట యొక యెత్తు, నిలుపుట మఱియొక యెత్తు. పసుపు వెలుతురునకు వెలియును. సున్నము తగిలిన నెఱ్ఱబాఱునని పారాణి కలుపు ప్రతి యిల్లాలును ఎఱుగును. బీటుదుంప రంగు కాకకు చెడును. నేరేడుపండు రంగు పులుపులో నెఱుపు, క్షారములో నీలిఛాయ. క్యారెట్టు రంగు నీట కరగదు, నూనెలో కరగును. ఈ స్వభావముల నెఱిగి, రంగును సన్నని నూనెబిందువులలో పొదుగుట, పులుపును కొలిచి కూర్చుట మొదలగు నుపాయములను పన్నిరి. మన వరంగల్ ప్రాంతపు చపాటా మిరప కారము తక్కువ, రంగు ఎక్కువ యగుటచే దాని యెఱుపునకు గిరాకి కలదు. 2021లో ఎఱ్ఱ క్యాబేజీనుండి స్వచ్ఛమగు నీలమును సాధించినట్లు పరిశోధకులు ప్రకటించిరి. వృక్షజమైనంత మాత్రమున సర్వము నిర్దోషమని మేమనము. వీనికిని పరీక్ష కావలసినదే.

అయినను, శాస్త్రమెంత సాయపడినను మన కన్ను మాఱనిచో ఫలము స్వల్పము. బంగ్లాదేశమున 1980 తరువాతి వరదలలో తడిసి వన్నె తగ్గిన పసుపుకొమ్ములకు సీసపు క్రోమేటు పట్టించుట మొదలైనది. కొనువారు మెఱయు పసుపునే కోరుటచే, వరదలు తీసినను ఆ యలవాటు తీయలేదు. 2019లో అంగళ్ల పసుపు మచ్చులను పరీక్షింపగా నూటికి 47 సీసముగలవని తేలినది. పరిశోధకులు ఈ సంగతి వెల్లడింప, ప్రభుత్వమువారు నేరస్థులను దండించి ప్రజలను హెచ్చరింప, 2021 నాటికి పరీక్షించిన మచ్చులలో నొక్కదానియందును సీసము కానరాలేదు. ఇది రెండువందల యేండ్లనాటి గ్లాస్టర్ కథయే. ప్రజలు మేల్కొనుటచే దీని ముగింపు మాత్రము మేలైనది.

కావున మా మనవి యొక్కటియే. మొక్కరంగు వేసిన మిఠాయి నాలుగు దినములకు కొంచెము వెలిసిన, అది దాని స్వభావము. దానిని పాచిదని త్రోసివేయరాదు. వెలిసినదానిని తప్పుపట్టి, మెఱయుదానిని పిల్లవాని చేతికిచ్చువారు ఉన్నంతకాలము వర్తకుడు మెఱుపునే అమ్మును. పసుపును కొమ్ములుగా కొని యింట దంచుకొనుట, అంగడిలో ఈ రంగు దేనిదని అడుగుట, పొట్లముపై వ్రాసినది చదువుట — ఇవి చిన్నపనులే. వన్నె చూచి గాక వాసి విచారించి కొనుట మన కుటుంబములు నేర్చిననాడు, శాస్త్రజ్ఞుని శ్రమ మన వంటింటికి చేరును.