ద్వారక మునిగినను మునుగని సుఖము



శ్రీకృష్ణభక్తి శాశ్వతసుఖమునకు మార్గమని పెద్దలు చెప్పుదురు. మనమును ఆ మాటను నిత్యము చెప్పుకొనుచుందుము. అయితే ఆ మాటకు అర్థమేమి? కృష్ణుని సేవించిన వానికి కష్టములు రావనియా? చేరిన సంపద చెదరదనియా? అర్థము అదియే యైనచో, మన ఇందుకూరుపేట సీమలో ఆ మాటను నమ్మువారు ఉండరు. ఒకవైపు పెన్న, మరియొకవైపు సముద్రము గల నేల యిది. 1927 నవంబరు మాసమున నెల్లూరు తీరమును కూల్చివేసిన గాలివానను పెద్దలు తరతరములుగా చెప్పుకొనిరి. 1984 నవంబరు తుపానును కన్నులార చూచినవారు నేటికిని మన నడుమ ఉన్నారు. 2004 డిసెంబరు 26వ తేదీన సముద్రమే లేచి ఒడ్డునకు వచ్చినది. 2021 నవంబరులో పెన్న పొంగి ఊళ్ళను ముంచినది. ఈ ఆపదలలో దైవభక్తి లేనివారి యిండ్లు మాత్రమే పోయినవా? కాదు. తులసికోటకు దీపము పెట్టిన యింటను నీరు చొచ్చినది.

కావున "కృష్ణా యని పిలిచినవాని యింటికి ఆపద ఏల వచ్చెను?" అను ప్రశ్న నాస్తికుడు అడుగు ప్రశ్న కాదు. భక్తుడే రాత్రివేళ తనలో తాను అడుగుకొను ప్రశ్న. ఆ ప్రశ్నను కసరి నోరు మూయించుట ధర్మము కాదు. మన పూర్వులు దానిని దాచిపెట్టలేదు. భారత భాగవతములలోను, వానిని తెలుగున వెలయించిన మహాకవుల చరిత్రలోను దానికి సమాధానము కలదు. నేడు దానిని కొంత విచారింతము.

మొదట సుఖమన నేమో భగవంతుడే చెప్పిన మాటను తెలిసికొనవలెను. గీతాచార్యుడు పదునెనిమిదవ అధ్యాయమున సుఖమును మూడు విధములుగా విభజించెను. మొదట విషమువలె తోచి తుదకు అమృతమగునది సాత్త్వికము. మొదట అమృతమై తుదకు విషమగునది రాజసము. మొదటను తుదిని కూడ మనుష్యుని మోహములో ముంచునది తామసము. తొమ్మిదవ అధ్యాయమున ఈ లోకము నిలుకడ లేనిదనియు, సుఖము లేనిదనియు తానే చెప్పి, ఇట్టి లోకమునకు వచ్చితివి గనుక నన్ను భజింపుమనెను. ఈ క్రమమును గమనింపుడు. నన్ను భజించినచో లోకము నిలుకడ గలది యగునని ఆయన చెప్పలేదు. లోకము మారునదియే, మారని దానిని పట్టుకొనుమని చెప్పెను.

ఈ విషయమును తెలుగు ప్రజలకు మొదట విపులముగా వినిపించినవాడు మన పెన్న ఒడ్డువాడే. క్రీస్తుశకము పదమూడవ శతాబ్దమున నెల్లూరిని పాలించిన మనుమసిద్ధికి తిక్కన మంత్రి. దాయాదులు మనుమసిద్ధిని రాజ్యభ్రష్టుని చేయగా, తిక్కన ఓరుగల్లునకు పోయి కాకతీయ గణపతిదేవుని సహాయమును అర్థించి, ప్రభువును మరల సింహాసనమున నిలిపెనని సిద్ధేశ్వరచరిత్ర చెప్పుచున్నది. పశువుల మేతకు చెల్లింపవలసిన పుల్లరి విషయమై మనుమసిద్ధికిని కాటమరాజునకును పోరు జరిగినదనియు, అందు తిక్కన సోదరవర్గములోనివాడగు ఖడ్గతిక్కన ప్రాణములు విడిచెననియు మన సీమలో కథగా పాడుదురు. అనగా రాజ్యము పోవుట, వచ్చుట, అయినవారు నేలకొరుగుట తిక్కన పుస్తకములలో చదివి తెలిసికొన్నవి కావు.

ఆయన తన మొదటి కావ్యమగు నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధికి అంకితమిచ్చెను. తరువాత మహాభారతమున విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను తెనిగించునపుడు రాజును విడిచి హరిహరనాథునికి సమర్పించెను. నిలుకడ లేనిదేదో, నిలుకడ గలదేదో ఆ రెండు అంకితములే చెప్పుచున్నవి.

తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వములో ఒక ఘట్టము కలదు. యుద్ధమునకు సాయము కోరి దుర్యోధనుడును అర్జునుడును ఒకే దినమున ద్వారకకు పోయిరి. శ్రీకృష్ణుడు నిద్రించుచుండెను. దుర్యోధనుడు తలవైపు కూర్చుండెను. అర్జునుడు పాదములచెంత నిలిచెను. స్వామి మేల్కొని ఇద్దరికిని రెండు భాగములు చూపెను. ఒకటి అపారమైన గొల్లసైన్యము. రెండవది ఆయుధము పట్టని తాను ఒక్కడు. అర్జునుడు ఆయుధము పట్టని ఆ ఒక్కనినే కోరుకొనెను. దుర్యోధనుడు సైన్యము దొరికినదని పొంగిపోయెను. ఆనాడు ద్వారకనుండి ఇద్దరును సంతోషముతోనే మరలిరి. కాని పదునెనిమిది దినముల యుద్ధము ముగియునప్పటికి సైన్యమును పొందినవాడు తొడలు విరిగి నేలపై ఒంటరిగా పడియుండెను. మొదట అమృతమై తుదకు విషమగు సుఖమునకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణము అక్కరలేదు.

మనకును ఇట్టి ఉదాహరణములు దూరమున లేవు. 1990వ దశకము తొలినాళ్ళలో మన తీరమున వరిపొలములు రొయ్యల గుంటలైనవి. ఏండ్ల తరబడి చూడని ధనమును కొందరు ఒక్క పంటలో చూచిరి. 1994-95లో తెగులు తగిలి గుంటలు గుంటలుగా రొయ్య చచ్చినది. పెట్టుబడికి తెచ్చిన అప్పు మాత్రము మిగిలినది. కష్టపడి సంపాదించుట తప్పని నేను చెప్పుట లేదు. గృహస్థునకు అర్థార్జన ధర్మమే. అయితే ఆ ధనమునే శాశ్వతసుఖమని తలంచినవాడు ధనము పోయిననాడు తానును పోయితినని తలంచును. ఆపద అచ్చట కలదు.

ఇక అర్జునుని వైపు చూడుడు. కృష్ణుని కోరుకొన్నవానికి దుఃఖము రాలేదా? వచ్చినది. పదమూడవనాటి యుద్ధమున అభిమన్యుడు పడిపోయెను. ఆ బాలుడు అర్జునునకు కుమారుడు, కృష్ణునకు మేనల్లుడు. రథము తోలుచున్నవాడు సాక్షాత్తు భగవంతుడైనను ఆ శోకము తప్పలేదు. కృష్ణుని కోరుకొనుట దుఃఖము రాకుండుటకు చీటీ వ్రాయించుకొనుట కాదని వ్యాసుడు ఇంత స్పష్టముగా చెప్పినాడు.

అంతకంటె పెద్దమాట మౌసలపర్వములో నున్నది. యాదవులు తమలో తాము కలహించి నశించిరి. బలరామకృష్ణులు అవతారము చాలించిరి. అర్జునుడు మిగిలిన స్త్రీలను, బాలురను, వృద్ధులను వెంటబెట్టుకొని బయలుదేరెను. వారు వెడలినంతనే సముద్రము ద్వారకను ముంచివేసెను. దారిలో దొంగలు పైబడగా గాండీవము అక్కరకు రాలేదు. భక్తులారా! ఇందుకూరుపేటవారికి ఈ కథను వేరుగా వ్యాఖ్యానింప నక్కరలేదు. సముద్రము మన యింటికి మాత్రమే రాలేదు. శ్రీకృష్ణుడు కట్టించిన పట్టణమునకును వచ్చినది. మన యింట నీరు చొచ్చినంతమాత్రమున దేవుడు మనల విడిచెనని తలంపరాదు.

ఇచ్చట భాగవతము ఒక సూక్ష్మమును చెప్పుచున్నది. పదునొకండవ స్కంధమున, సముద్రము ద్వారకనంతయు ముంచినను శ్రీకృష్ణుని మందిరమును మాత్రము విడిచెనని వ్యాసుడు వ్రాసెను. భగవంతుడు వసించు స్థానమును నీరు తాకలేదు. ఆ స్థానము మనకు ఎచ్చట నున్నది? హృదయములో నున్నది. ఇల్లు మునుగవచ్చును, పైరు మునుగవచ్చును. హృదయమున ఆయనకు కట్టిన మందిరము మునుగదు. శాశ్వతసుఖమనగా ఇదియే.

ఇది అలంకారముగా చెప్పిన మాట కాదనుటకు అర్జునుని అనుభవమే ప్రమాణము. ద్వారకనుండి తిరిగివచ్చిన అర్జునుడు అన్నగారి యెదుట నిలిచి కన్నీరు మున్నీరుగా దుఃఖించెను. అప్పుడు అతనిని ఊరడించినదేది? రణరంగమున స్వామి చేసిన ఉపదేశము అతనికి జ్ఞప్తికి వచ్చినదనియు, దానిని తలపోయగా మనస్సు తేరుకొన్నదనియు భాగవతము ప్రథమస్కంధమున చెప్పుచున్నది. విల్లు పనిచేయని దినమున కృష్ణస్మరణము పనిచేసినది.

ఆ ప్రథమస్కంధముననే కుంతీదేవి స్తుతి కలదు. యుద్ధము ముగిసినది, రాజ్యము వచ్చినది, కృష్ణుడు ద్వారకకు బయలుదేరుచున్నాడు. విషాన్నము, లక్కయిల్లు, అడవిపాట్లు అన్నియు ఆ తల్లి తలచుకొని, ఆ ఆపదలు మరల మరల రావలెనని కోరినది. ఏలయన ఆపద వచ్చినప్పుడెల్ల నీ దర్శనమైనదని కారణము చెప్పినది. ఇట్టి కోరిక కోరుట మనకు సాధ్యము కాదు; కోరనక్కరయు లేదు. కాని వచ్చిన ఆపదను ఆ తల్లివలె చూచుట నేర్చుకొనవచ్చును. "ఏల వచ్చెను?" అను ప్రశ్నను విడిచి, "ఈ వేళ స్వామి ఎవరి రూపమున నా చెంతకు వచ్చుచున్నాడు?" అని చూడవలెను. వరదలో పడవ తెచ్చిన పొరుగువాడు, అన్నపు పొట్లము చేతికిచ్చిన ముక్కుమొగము తెలియని బాలుడు, వీరి రూపమున ఆయన రాలేదా?

ఈ భాగవతమును తెలుగువారి నాలుకపై నిలిపిన పోతన పదునైదవ శతాబ్దమువాడు. నేటి జనగామ జిల్లాలోని బమ్మెర ఆయన ఊరు. కృతిని రాజునకు అంకితమీయ నిరాకరించి, హలము పట్టి జీవించెనని ప్రతీతి. ఆయన తన గ్రంథమును శ్రీరామునికి సమర్పించెను. అంతటి భాగవతమునకును నష్టము తప్పలేదు. పోతన వ్రాసినదానిలో కొన్ని భాగములు శిథిలములైనవి. అప్పుడు పంచమస్కంధమును బొప్పరాజు గంగన, షష్ఠస్కంధమును ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశస్కంధములను వెలిగందల నారయ పూరించిరి. నష్టము వచ్చినచోట భక్తులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు, పూరించిరి. కృష్ణభక్తుని లక్షణము ఇదియే. ఇతరులకు నష్టము వచ్చినచోట తాను పూరింపవలెను.

పోతన దశమస్కంధమున చెప్పిన కుచేలోపాఖ్యానమును అందరును ఎరుగుదురు. కుచేలునకు మేడలు వచ్చినవని మాత్రమే జ్ఞాపకము పెట్టుకొందురు. కాని కథను మరల చదువుడు. ద్వారకనుండి వట్టి చేతులతో తిరిగి వచ్చుచున్న దారిలో కుచేలుడు దుఃఖింపలేదు. ధనమిచ్చినచో మదించి తన్ను మరతునని తలంచి స్వామి దయతో ఈయలేదని సంతోషించెను. మేడ కనబడుటకు ముందే ఆయన సుఖి. మేడ వచ్చిన తరువాతను ఆసక్తి లేకయే అనుభవించెను. మేడ రాకపోయినను ఆ సుఖము తరిగియుండెడిది కాదు.

ఈ భక్తి కర్మరూపమున నిలిచిన చోటు మన సీమలోనే కలదు. 1921 ఏప్రిల్ 7వ తేదీన మహాత్మాగాంధి పల్లిపాడునకు వచ్చి, పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వేంకటకృష్ణయ్య దానికి మూలపురుషులు. పొణకా కనకమ్మగారు దానికి అండగా నిలిచిరి. గాంధీజీ గీతను తల్లిగా భావించినవాడు. 1930లో వెలువడిన తన గీతానువాదమునకు అనాసక్తియోగమని పేరు పెట్టినవాడు. ఆ ఆశ్రమవాసులు రాట్నము త్రిప్పిరి, అంటరానితనమును ఎదిరించిరి. ఫలము తమ జీవితకాలమున చేతికందునని వారికి ఎవరును మాట ఇయ్యలేదు. హనుమంతరావుగారు స్వాతంత్ర్యమును చూడకయే యౌవనముననే దివంగతులైరి. ఫలమునందు ఆసక్తి లేక పనిచేయుమని గీత చెప్పిన మాటను మన ఊరి మట్టిపై నడిచి చూపిన వారు వారు. ఏ ప్రాణిని ద్వేషింపనివాడు, మైత్రియు కరుణయు గలవాడు, సుఖదుఃఖములందు సమబుద్ధి గలవాడు తనకు ప్రియుడని పన్నెండవ అధ్యాయమున స్వామి చెప్పెను. పూజామందిరమున ఎంతసేపు కూర్చుండెనని ఆయన లెక్క పెట్టలేదు.

కావున భక్తులారా! కృష్ణభక్తివలన కలుగు శాశ్వతసుఖమనగా ఆపదలు లేని బ్రదుకు కాదు. ఆపదలోను విడువని తోడు. అది ఒక్కనాట సిద్ధింపదు. సాత్త్వికసుఖము మొదట విషమువలె తోచునని స్వామియే చెప్పినాడు గదా! తెల్లవారుజామున లేచుట మొదట కష్టము. కోపము వచ్చినపుడు నామమును తలచుట మొదట కష్టము. తనకే చాలనివేళ ఇతరునకు పిడికెడు పెట్టుట ఇంకను కష్టము. అభ్యాసమువలన ఆ కష్టమే తీపి యగును. దినమునకు ఒక్క గీతాశ్లోకమునైనను అర్థముతో చదువుడు. సాయంకాలము యింటిల్లిపాదియు కూర్చుండి భాగవతములోని ఒక్క కథను పిల్లలకు చెప్పుడు. ధనుర్మాసమున, కృష్ణాష్టమినాడు దేవాలయమునకు వచ్చునపుడు పొరుగున దుఃఖములో నున్నవారిని కూడ వెంటబెట్టుకొని రండు. నీరు రాకముందే మందిరము కట్టుకొనవలెను. వచ్చిన తరువాత కట్టుటకు వ్యవధి యుండదు.

ఆ గోపాలదేవుడు మన హృదయములందు స్థిరముగా వసించి, ఈ పినాకినీతీరమును, సముద్రతీరమును, ఇచ్చటి సమస్తజనులను రక్షించుగాక!

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.